చలి వెళ్ళినా చిగురించని పొద: తరచుగా అడిగే ప్రశ్నలు

తోటలో మిగతావన్నీ చిగుళ్ళు తొడుగుతుంటే ఒక్క పొద మోడులా నిలబడి ఉంటే ఎవరికైనా చెయ్యి గునపం మీదికే పోతుంది. ఆ గునపాన్ని కాసేపు గోడకి ఆనించి ఇది చదవండి. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఈ ఒక్క విషయంలో విషం తొందరే. నా తోటలో చలికి చచ్చిన పొదలకంటే, చలి వెళ్ళాక నేను చేసిన హడావిడికి చచ్చినవే ఎక్కువ.

చిగురు రాలేదంటే చచ్చిపోయినట్టేనా?

కాదు. ఆకుల్లేని పొద మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉండొచ్చు. ఇంకా నిద్ర లేవకపోయి ఉండొచ్చు. పైకొమ్మలు చచ్చి మొదలు, వేళ్ళు బతికుండొచ్చు. లేదా పూర్తిగా పోయి ఉండొచ్చు. చిక్కేమిటంటే నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఈ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి గీకి చూడాల్సిందే.

గీకి చూడటం అంటే ఎలా?

పెన్సిలంత లావున్న కొమ్మని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేతి బొటనవేలి గోరుతో పైబెరడుని అర సెంటీమీటరు మేర మెల్లగా గీకండి. గోరు చాలకపోతే చిన్న చాకు మొనతో గీకండి. పైనున్న గోధుమరంగు పొర పలచగా లేచిపోయి, కింద పెసర రంగులో తడితడిగా మెరుస్తూ కనిపిస్తే అక్కడిదాకా ప్రాణం ఉన్నట్టే. వేలితో తాకితే చల్లగా, కాస్త జారుగా ఉంటుంది. అలా కాకుండా ఎండు గడ్డి రంగులోనో, ముదురు గోధుమరంగులోనో ఉండి పొడిగా రాలితే ఆ ముక్క పోయినట్టే.

ఆ బెరడు లోపల, కలపకి ఆనుకుని కాంబియం అనే పలచటి పొర ఉంటుంది. కొత్త కలపా కొత్త బెరడూ పుట్టేది అక్కడే. అది బతికున్నంత కాలం కొమ్మకి ఆశ ఉంటుంది. కొన్ని మొక్కల్లో లోపలి రంగు పచ్చగా కాక మీగడ తెలుపులో ఉంటుంది కాబట్టి రంగుకంటే తడిని నమ్మండి.

ఒక్కచోట గీకి తీర్పు చెప్పొద్దు. చివర మొదలుపెట్టి జానెడు జానెడు కిందికి వస్తూ చూడండి. చివర ఎండిపోయి, మధ్యలో అనుమానంగా ఉండి, మొదట్లో నిగనిగలాడుతూ ఉండటం చాలా మామూలు. రెండు మూడు కొమ్మలు వేర్వేరు దిక్కుల్లో చూడండి. గీకేటప్పుడు గాటు కొమ్మ చుట్టూ తిరగకూడదు. చుట్టూ బెరడు పోతే ఆకులు తయారుచేసే ఆహారం కిందికి దిగదు, మన పరీక్షే మొక్కకి ప్రాణం మీదికి తెస్తుంది.

కొమ్మ వంచి చూస్తే సరిపోదా?

సన్నటి రెమ్మలకి పనికొస్తుంది. పచ్చిది వంగుతుంది, ఎండుది పుటుక్కున విరుగుతుంది. కానీ కొన్ని జాతుల పచ్చికొమ్మలు కూడా పెళుసుగా ఉంటాయి, అందుకే నేను గోరునే నమ్ముతాను. ఇంకొక పని చెయ్యొచ్చు. ఒక మొగ్గని బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. లోపల లేతపచ్చగా ఉంటే అది సమయం కోసం చూస్తోంది. నల్లగానో, ముదురు గోధుమగానో ఉంటే చలి దాన్ని తినేసింది.

బతికే ఉంది, కానీ కదలిక లేదు. ఎంతకాలం ఆగాలి?

అది ఏ మొక్క అన్నదాన్ని బట్టి. లైలాక్, ఫోర్సీథియా, స్పైరియా, గులాబీ లాంటివి తొందరగా లేస్తాయి. హైబిస్కస్ సిరియాకస్ అనే చలిదేశపు మందారం, క్రేప్ మిర్టిల్, వావిలి జాతి పొదలు, బడ్లియా, కాలికార్పా, కారియోప్టెరిస్ బద్ధకస్తులు. నేల బాగా వెచ్చబడేదాకా ఇవి కళ్ళు తెరవవు. తొందరగా లేచేవి నిండా ఆకులేసుకున్న వారాల తర్వాత కూడా ఇవి మోడుల్లాగే ఉంటే అందులో వింతేమీ లేదు. అంజూరం, దానిమ్మ కూడా చలిదెబ్బ తగిలిన ఏడు చాలా ఆలస్యం చేస్తాయి.

మొదటి గుంపు మొక్క అయితే, పక్కనున్న అదే జాతి మొక్కలు చిగురించాక ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. బద్ధకస్తుల గుంపు అయితే నడి వేసవి దాకా గడువివ్వండి.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒక ఏడాది నా చలిదేశపు మందారం ఎంతకీ లేవకపోతే పైకొమ్మలు గీకి చూసి, ఎండిపోయాయని తేల్చుకుని తవ్వేశాను. మొదలు పట్టుకుని మట్టి దులుపుతుంటే నేలకి రెండు వేళ్ళ లోతున బియ్యపుగింజంత మొగ్గలు నాలుగు, లేత గులాబీ రంగులో, అప్పుడే బెరడు చీల్చుకుని వస్తూ కనిపించాయి. వాటిలో ఒకటి గునపం అంచు తగిలి నలిగిపోయి ఉంది. వెంటనే మళ్ళీ పాతాను గానీ, అప్పటికే సగం వేళ్ళు తెగిపోయాయి. బతకలేదు. అప్పటినుంచి ఏ పొదనైనా తవ్వేముందు మొదటి దగ్గర మట్టిని వేళ్ళతో రెండంగుళాలు పక్కకి జరిపి చూడకుండా గునపం ముట్టను.

అసలు చలి మొక్కని ఎలా చంపుతుంది?

మామూలుగా మంచు ముందు కణాల బయట, వాటి మధ్యనున్న ఖాళీల్లో కడుతుంది. ఆ మంచు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. అంటే చలికి చచ్చిన కొమ్మ ఒక రకంగా దాహంతో చచ్చినట్టే. పగటి పొద్దు తగ్గుతూ, చలి మెల్లమెల్లగా పెరుగుతూ ఉంటే మొక్క కొన్ని వారాలపాటు దీనికి సిద్ధపడుతుంది. కణాల్లో చక్కెరలు పెంచుకుంటుంది, ఎదుగుదల ఆపేస్తుంది. అలా సిద్ధపడిన పొద నడి చలికాలపు గడ్డు రాత్రిని కూడా తట్టుకుంటుంది. అదే పొద, సిద్ధం కాకముందే ఒక్కసారిగా వచ్చిపడ్డ చలికి, లేదా వారం రోజులు వెచ్చబడి రసం కదలడం మొదలయ్యాక మళ్ళీ గడ్డకట్టిన రాత్రికి కూలిపోతుంది. కాబట్టి "పోయినేడు ఇంతకంటే చలి ఉన్నా తట్టుకుంది కదా" అన్న వాదన చెల్లదు. ఎంత చలి అన్నదానితో పాటు ఎప్పుడు వచ్చిందన్నదీ చూడాలి.

ఈసారి చలే సరిగా లేదు. అయినా చిగురించలేదేం?

అదే కారణం కావచ్చు. చలిదేశపు పొదలు చాలావాటికి మొగ్గ నిద్ర వదలాలంటే కొంత చలి లెక్క పూర్తి కావాలి. సున్నాకీ ఏడు డిగ్రీల సెల్సియస్‌కీ మధ్య గడిచిన గంటలతో ఈ లెక్క కట్టడం పాత పద్ధతి. ఆ గంటలు నిండకపోతే మొగ్గలు ఆలస్యంగా, అక్కడొకటి ఇక్కడొకటిగా విచ్చుకుంటాయి. గీకితే పచ్చగానే ఉంటుంది. ఆగడం తప్ప చేసేదేమీ లేదు. ఏటా ఇదే తంతు అయితే ఆ రకం మీ వాతావరణానికి సరిపోదని అర్థం.

చివర్లు ఎండాయి, కింద పచ్చగా ఉంది. ఎక్కడ, ఎప్పుడు కత్తిరించాలి?

ముందు ఎప్పుడు. కింది మొగ్గలు ఉబ్బి, ఎక్కడిదాకా ప్రాణముందో అవే చూపించేదాకా కత్తెర ముట్టొద్దు. ముందే కత్తిరిస్తే బతికున్నది కూడా పోతుంది. పైగా కత్తిరింపు మొక్కని నిద్ర లేపుతుంది, ఆ లేత చిగురు మీద చివరి చలి పడిందంటే రెండో దెబ్బ.

ఎక్కడ అంటే, బతికున్న మొగ్గకి అర సెంటీమీటరు పైన, మొగ్గకి ఎదురువైపు కాస్త వాలుగా. పొద బయటివైపు చూస్తున్న మొగ్గని ఎంచుకుంటే కొత్త కొమ్మ లోపలికి దూరి గజిబిజి కాదు. కోసిన మొహం చూడండి. కలప లేతరంగులో తడిగా ఉంటే సరిగ్గా కోసినట్టు. గోధుమరంగు వలయమో, మచ్చో ఉంటే మరో రెండంగుళాలు దిగండి. గులాబీకి మధ్యలోని బెండే గుర్తు. అది తెల్లగా కనిపించేదాకా కిందికి రావాలి. బెండు గోధుమగా ఉన్నచోట ఆపేస్తే ఎండు మళ్ళీ కిందికి పాకుతుంది.

కత్తెరని పొదకీ పొదకీ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. కోతల మీద రంగులూ పేస్టులూ పుయ్యక్కర్లేదు, మొక్క తన గాయాన్ని తనే మూసుకుంటుంది.

పైదంతా పోయింది, మొదలు మాత్రం పచ్చగా ఉంది. నరికేస్తే మళ్ళీ వస్తుందా?

చాలావాటికి వస్తుంది. బడ్లియా, కారియోప్టెరిస్, హైడ్రాంజియా పానిక్యులేటా, స్పైరియా, చలిదేశపు మందారం, క్రేప్ మిర్టిల్, అంజూరం ఇలా మొదలు నుంచి పిలకలు వేసే రకాలు. నేలకి 15 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి మిగతాది తీసేయొచ్చు. ముందు గుబురుగా పిలకలు వస్తాయి. అన్నిటినీ ఉంచితే ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. మూరెడు ఎదిగాక బలమైనవి ఐదారు ఉంచి, మిగతావి మొదట్లోనే తీసేయండి.

కొన్నిటితో మాత్రం ఈ సాహసం చెయ్యొద్దు. జూనిపర్, లావెండర్ ముదురు కలప నుంచి మళ్ళీ చిగురించవు. వీటికి పచ్చదనం ఉన్నచోటు దాటి కిందికి కోస్తే అక్కడితో సరి. రోడోడెండ్రాన్ ముదురు కొమ్మ నుంచి కూడా తేరుకోగలదు గానీ చాలా నెమ్మది. అలాంటి వాటికి ఒకేసారి నున్నగా గొరిగేయకుండా, ఏడాదికి మూడో వంతు చొప్పున తీస్తే మేలు.

గులాబీ మొదలు నుంచి జోరుగా పిలక వచ్చింది. సంబరపడొచ్చా?

అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసి. అంటు కట్టిన మొక్కకి మొదట్లో ఒక బుడిపె ఉంటుంది. పిలక దాని పైనుంచి వస్తే మీ గులాబీయే. కిందినుంచో, వేరు నుంచో వస్తే అది అంటుకి వాడిన అడుగు మొక్కది. మీరు కొన్న పువ్వు దాని మీద పూయదు. ఆకుకి ఏడు రెక్కలుంటే అడవిదనే మాట ప్రచారంలో ఉంది గానీ నమ్మకండి, మంచి తోట గులాబీల్లోనూ ఏడు రెక్కలవి చాలా ఉన్నాయి. మట్టి జరిపి పుట్టుక చూడటమొక్కటే దారి. అడుగు మొక్క పిలకని కత్తిరించకుండా మొదలంటా చీల్చి లాగేయండి. కత్తిరిస్తే రెండై లేస్తుంది. బుడిపె పైన ఎక్కడా పచ్చదనం లేకపోతే అసలు గులాబీ పోయినట్టే.

నీళ్ళు ఎక్కువ పెడితే తొందరగా లేస్తుందా?

జనం ఎక్కువగా చేసే తప్పు ఇదే. నీటిని పైకి లాగేవి ప్రధానంగా ఆకులు. ఆకుల్లేని పొద చాలా తక్కువ తాగుతుంది. రోజూ పాదు నింపితే నీళ్ళు అక్కడే నిలిచి మట్టిలోంచి గాలిని తోసేస్తాయి. వేళ్ళకి ఊపిరాడదు, వేరుకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా లాంటి సూక్ష్మజీవులకి పండగ. చలికి సగం చచ్చిన పొద నీటికి పూర్తిగా చస్తుంది.

చూపుడువేలిని రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. అక్కడ చల్లగా, చెమ్మగా తగిలితే ఏమీ పొయ్యొద్దు. పొడిగా ఉంటే వేళ్ళ లోతుకి దిగేలా ఒకసారి నిండుగా పోసి, మళ్ళీ ఆ లోతు ఆరేదాకా ఆగండి. తవ్విన మట్టి మురుగు వాసన వేస్తే సమస్య చలి కాదు, నీరు. అప్పుడు నీళ్ళు ఆపి, నిలిచే నీటికి దారి చెయ్యాలి.

ఎరువు? ఎప్సమ్ సాల్ట్? చక్కెర నీళ్ళు?

ఎరువు ఇప్పుడు వద్దు. జ్వరం తగ్గి లేచినవాడికి మొదట పథ్యమే పెడతాం. పనిచేయని వేళ్ళ దగ్గర ఎరువు వేస్తే అందులోని లవణాలు మట్టిలో పేరుకుని ఉన్న వేళ్ళనీ మాడుస్తాయి. కొత్త కొమ్మలు 10, 15 సెంటీమీటర్లు ఎదిగాక పాదులో పలచగా కంపోస్టు వెయ్యండి, చాలు. మట్టిలో మెగ్నీషియం లోపం ఉంటే తప్ప ఎప్సమ్ సాల్ట్‌తో పని లేదు. చక్కెర నీళ్ళూ, బి1 విటమిన్ ద్రావణాలూ మన మనశ్శాంతికే.

చిగురించింది, వారానికే వాడిపోయింది. ఇదేం మోసం?

నిజంగానే మోసం. కొమ్మలో నిరుటి ఆహారమూ, కొంత నీరూ నిల్వ ఉంటాయి. వేళ్ళు చచ్చినా, మొదట్లో బెరడు చచ్చినా ఆ నిల్వతోనే మొగ్గలు విచ్చుకుని చిన్న ఆకులు వేస్తాయి. నిల్వ అయిపోగానే వాడతాయి. నరికిన కొమ్మ నీళ్ళ గ్లాసులో చిగురించడం చూసే ఉంటారు, ఇదీ అంతే. ఇలాంటప్పుడు నేలకి దగ్గరగా, మొదలు దగ్గర బెరడుని గీకి చూడండి. అక్కడ గోధుమరంగు ఉంటే పైచిగురుని నమ్మొద్దు. ఇంకా కింద, మట్టిలో పచ్చదనం మిగిలి ఉంటే అక్కడిదాకా కోసి పిలక కోసం ఎదురుచూడాలి.

దీన్ని చివరి చలి దెబ్బతో పొరబడొద్దు. నిర్మలమైన ఆకాశంతో ఒక చలి రాత్రి గడిచి, తెల్లారేసరికి బయటి లేతాకులన్నీ కమిలి నల్లబడితే అది మంచు దెబ్బ. చూడటానికి ఘోరంగా ఉన్నా ఇదే తేలిక. చాలా పొదలు పక్కనున్న నిద్ర మొగ్గల నుంచి రెండోసారి చిగురిస్తాయి. కమిలిన ఆకుల్ని కొన్నాళ్ళు అలాగే వదిలేయండి.

పొద ఒకవైపే చిగురించింది. ఎందుకు?

ఆ వైపు వేళ్ళు తెగాయేమో, ఆ కొమ్మ మొదట్లో పుండుందేమో, ఎవరైనా కొరికారేమో చూడాలి. చలికాలంలో తిండి దొరక్క ఎలుకలూ కుందేళ్ళూ బెరడు కొరుకుతాయి. కప్పిన ఎండుగడ్డి కిందో, మంచు కిందో జరిగే పని కాబట్టి మనకి కనబడదు. సన్నటి జంట గీతల్లా పంటి గాట్లుంటే దొంగ దొరికినట్టే. బెరడు చుట్టూ పోయిన కొమ్మని గాయం కిందికి కోసేయండి, పిలకలు వేసే జాతి అయితే నింపుకుంటుంది. ఏమీ కనబడకపోతే ఒక కొమ్మని అడ్డంగా కోసి చూడండి. లోపల కలపలో గోధుమరంగు చారలో, వలయమో ఉంటే వెర్టిసిలియం ఎండు తెగులు అయ్యుండొచ్చు. దానికి మందు లేదు.

కుండీలో ఉన్నదే పోయింది, నేలలో ఉన్న అదే రకం బాగుంది. ఎలా?

వేళ్ళు కొమ్మలంత చలి ఓర్చుకోలేవు. నేలలో వాటికి చుట్టూ మట్టి దుప్పటి ఉంటుంది, కుండీలో అన్ని వైపులా చలిగాలే. కుండీని పక్కకి వాల్చి మట్టిగడ్డ మొత్తాన్ని జారేలా బయటికి తీయండి. వేళ్ళు తెల్లగానో మీగడ రంగులోనో గట్టిగా ఉంటే మళ్ళీ పెట్టేయండి. నల్లబడి, చేతి రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతొక్క ఊడిపోయి లోపల దారం లాంటి పోగు మిగిలితే ఆ వేళ్ళు కుళ్ళాయి. కుళ్ళినవి కత్తిరించి, మిగిలినదానికి సరిపోయే చిన్న కుండీలో, నీరు జారే కొత్త మట్టిలో పెట్టి నీడపట్టున ఉంచండి.

ఆకు రాల్చని పొద మొత్తం గోధుమరంగుకి తిరిగింది. ఇదీ చచ్చినట్టేనా?

నేల గడ్డకట్టినప్పుడు వేళ్ళు నీళ్ళు తీసుకోలేవు, ఎండా గాలీ మాత్రం ఆకుల నుంచి లాగుతూనే ఉంటాయి. గాలి కొట్టే వైపు ఎక్కువ మాడి, మంచు కప్పిన కిందిభాగం పచ్చగా మిగిలితే జరిగింది ఇదే. ఆకు మాడినా మొగ్గ బతికుంటుంది చాలాసార్లు. ఆకులు దులపకుండా కొత్త చిగురు కోసం ఆగండి.

పొద తేరుకుంది, పూలు మాత్రం లేవు.

హైడ్రాంజియా మాక్రోఫిల్లా అయితే దాని పూమొగ్గలు చాలా రకాల్లో నిరుటి కొమ్మల మీదే తయారై ఉంటాయి. ఆ కొమ్మలు చలికి పోతే ఆ ఏటి పూలూ పోయాయి. పానిక్యులేటా, అర్బోరెసెన్స్ రకాలు ఈ ఏటి కొమ్మల మీదే పూస్తాయి, వాటికి ఈ బెంగ లేదు.

ఇక ఎప్పుడు ఆశ వదులుకోవాలి?

నడి వేసవి దాటింది, మొదలుదాకా గీకినా గోధుమరంగే, మట్టి జరిపి చూస్తే మొగ్గ జాడ లేదు, కాండం పట్టి ఊపితే వదులుగా ఊగుతోంది. ఈ నాలుగూ కలిస్తే తవ్వేయండి. మూడే ఉంటే నేనైతే ఇంకో రెండు వారాలు చూస్తాను, కానీ నాకు ఆ మందారం గుర్తుంది కాబట్టి నా మాట కొంచెం తగ్గించి తీసుకోండి. తీసిన వేళ్ళు కుళ్ళి ఉంటే అదే గోతిలో మళ్ళీ అదే రకం నాటొద్దు. ముందు నీరు దిగే ఏర్పాటు చూడండి.

వచ్చే చలికి ముందు ఏం చెయ్యాలి?

మొదటి మంచు పడే రోజులకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే నత్రజని ఎరువులు ఆపేయండి, గట్టి కత్తిరింపులూ ఆపండి. రెండూ లేత చిగురుని పుట్టిస్తాయి, అది చలికి సిద్ధం కాలేదు. నేల గడ్డకట్టకముందు, ముఖ్యంగా ఆకు రాల్చని పొదలకి, లోతుగా ఒకసారి నీళ్ళు పెట్టండి. మట్టి చల్లబడ్డాక పాదు మీద ఎండాకులో, చెక్కపొట్టో ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందాన పరచండి. కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలండి, ఆనించి కప్పితే ఎలుకలకి ఇల్లు కట్టిపెట్టినట్టే.

గాలి కొట్టే వైపు గోనెపట్ట అడ్డం కట్టొచ్చు. ప్లాస్టిక్ షీటు మాత్రం చుట్టొద్దు. పగలు ఎండకి లోపల వేడెక్కి మొగ్గలు లేస్తాయి, రాత్రి చలికి మాడతాయి. చలి తగ్గాక గోనెని ఎండ మండే మధ్యాహ్నం కాకుండా, మబ్బు పట్టిన రోజు చూసి విప్పండి.